ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రిస్మస్ చూడాలంటే: ఎప్పుడు రావాలి, ఎక్కడ తిరగాలి, ఏం తినాలి

ప్రతి ఏడాది దసరా సెలవులు అయిపోయేసరికి నాకు మెసేజ్‌లు మొదలవుతాయి, అన్నా క్రిస్మస్‌కి యూరప్ వస్తున్నాం, ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్ద క్రిస్మస్ మార్కెట్ ఎక్కడ పెడతారు, ఎన్ని రోజులు ఉండాలి, చలికి తట్టుకోగలమా, అమ్మానాన్నల్ని తీసుకురావచ్చా అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నా. నేను ఊరి పక్కనే ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉంటా, ఇక్కడ మనవాళ్ళు చాలామందే ఉన్నారు, డిసెంబర్ వచ్చిందంటే మా అందరి ఇళ్ళకీ ఎవరో ఒకరు చుట్టాలు దిగుతూనే ఉంటారు, వాళ్ళని తిప్పి తిప్పి తెలుసుకున్న విషయాలే ఇవి.

ముందు అసలు మాట చెప్పేస్తా. జర్మనీలోని కొలోన్‌లో, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్నట్టు ఊరి మధ్యలో చెక్క కొట్లు వందల్లో పెట్టి నెలంతా నడిపే ఒక్క పెద్ద క్రిస్మస్ మార్కెట్ ఆమ్‌స్టర్‌డామ్‌లో లేదు. దాన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు డామ్ స్క్వేర్‌లో చెట్టు చూసి, నాలుగు ఫోటోలు దిగి, ఇంతేనా అనుకుని వెళ్ళిపోతారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఈ ఊళ్ళో పండగంతా కాలవల మీద ఉంటుంది, అది కూడా పొద్దు గూకాక. డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం 4:30కే సూర్యుడు దిగిపోతాడు, పొద్దున 8:45 దాకా సరిగ్గా తెల్లారదు. చాలామంది అయ్యో ఇంత చిన్న పగలా అని బాధపడతారు కానీ పొద్దున లేట్‌గా లేవండి, పగలు మ్యూజియం చూడండి, భోంచేసి కాసేపు నడుం వాల్చండి, 4 గంటలకి బయటికి రండి. రోజుని ఇలా తిప్పి వేసుకుంటేనే ఈ ఊరు మీకు దక్కుతుంది.

ఎప్పుడు రావాలి

మన ఆఫీసుల్లో లీవులు దొరికేది డిసెంబర్ 24 నుంచి జనవరి 1 దాకా, అందరూ ఆ వారానికే టికెట్లు కొంటారు. కానీ మార్కెట్లు చూడాలనుకుంటే ఆ వారం చాలా ఆలస్యం. క్రిస్మస్ మార్కెట్లు అనేవి క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాల సంబరం, జర్మనీలో చాలా ఊళ్ళలో 23నే కొట్లు మూసేస్తారు, ఇక్కడ నెదర్లాండ్స్‌లో చిన్న ఊళ్ళ మార్కెట్లైతే డిసెంబర్‌లో ఒక వీకెండో, పది రోజులో అంతే. 26న దిగి మార్కెట్ ఏదీ అంటే ఖాళీ మైదానం కనిపిస్తుంది.

నన్నడిగితే డిసెంబర్ 8 నుంచి 20 మధ్యలో ఏ వారమైనా బంగారం లాంటి టైమ్. మార్కెట్లు ఉంటాయి, ఫ్లైట్ టికెట్ క్రిస్మస్ వారమంత మండిపోదు, షాపులన్నీ రాత్రి దాకా తెరిచి ఉంటాయి. లీవు దొరక్క 24 తర్వాతే వచ్చేవాళ్ళు దిగులు పడక్కర్లేదు, కాలవల మీద కాంతి శిల్పాలు పెట్టే లైట్ ఫెస్టివల్ జనవరి మధ్య దాకా ఉంటుంది, మ్యూజియంల మధ్య మైదానం మ్యూజియంప్లేన్‌లో ఐస్ రింక్ ఉంటుంది, కొత్త సంవత్సరం సందడి ఉంటుంది, మార్కెట్ల ఆశ ఒక్కటి పక్కన పెట్టేస్తే చాలు.

నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ 5 దాకా వస్తే మాత్రం మీరు చూసేది వేరే పండగ, దాని పేరు సింటర్‌క్లాస్. డచ్ పిల్లలకి అసలు పండగ ఇదే. తెల్ల గడ్డం, ఎర్ర అంగీ, చేతిలో పొడుగు కర్ర ఉన్న సెయింట్ నికొలస్ స్పెయిన్ నుంచి స్టీమర్‌లో వస్తాడని కథ, నవంబర్ మధ్యలో ఒక ఆదివారం ఆమ్‌స్టెల్ నది మీద నిజంగానే పడవల ఊరేగింపుతో దిగుతాడు, ఒడ్డు పొడుగునా పిల్లలు తండ్రుల భుజాలెక్కి కూర్చుని పేరు పెట్టి అరుస్తుంటారు. ఆయన వెంట వచ్చే సహాయకులకి వెనకటి రోజుల్లో ముఖమంతా నల్లరంగు పూసేవాళ్ళు, అది నల్లజాతివాళ్ళని అవమానించడమేనని ఏళ్ళ తరబడి గొడవ జరిగి ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో పొగగొట్టంలోంచి దిగినట్టు ముఖం మీద మసి గీతలు మాత్రమే పెట్టుకుంటారు, ఈ మార్పు రావడం చాలా మంచిదైంది. ఈ పండగ రోజుల్లో పిల్లలు రాత్రి పడుకునే ముందు తమ బూటు ఒకటి పొయ్యి దగ్గరో తలుపు దగ్గరో పెట్టి, సింటర్‌క్లాస్ గుర్రం కోసం అందులో ఒక క్యారెట్ వేస్తారు, తెల్లారేసరికి క్యారెట్ మాయమై చిన్న బహుమతి ఉంటుంది. డిసెంబర్ 5 రాత్రి పెద్ద బహుమతులు. ఆ రాత్రి గడిచాకే చాలా ఇళ్ళలో క్రిస్మస్ చెట్టు నిలబెడతారు, అందుకే నేను 8 తర్వాత రమ్మనేది. చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళు మాత్రం 5కి ముందే వచ్చినా బాగుంటుంది, హోటల్ రూమ్‌లో బూటు పెట్టించండి, మా అన్న కూతురు ఇప్పటికీ ఆ బూటు సంగతే చెబుతుంది.

వీసా, బస, చేతిలో డబ్బులు

షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, మరీ లేటంటే 15 రోజుల ముందన్నా ఇవ్వాలి, కానీ డిసెంబర్ ప్రయాణానికి ఆఖరి నిమిషంలో హైదరాబాద్‌లో స్లాట్ దొరకడం కష్టం, ఆగస్టు సెప్టెంబర్‌లోనే పని కానివ్వండి. పెద్దవాళ్ళకి వీసా ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకి 45, ఆరేళ్ళ లోపు పిల్లలకి లేదు, సర్వీస్ చార్జ్ వేరే. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, ఇక్కడ రెండ్రోజులు జర్మనీలో అయిదు రోజులు పెట్టుకుని నెదర్లాండ్స్ వీసా అడిగితే తిరగ్గొడతారు.

హోటళ్ళు ఊరి మధ్యలో చాలా రేటు, పైగా రూమ్ ధర మీద 12.5 శాతం టూరిస్ట్ టాక్స్ వేస్తారు, బుకింగ్ చేసేటప్పుడు ఆ టాక్స్ కలిపి ఉందో లేదో చూసుకోండి. పక్క ఊళ్ళు హార్లెమ్‌లోనో జాన్‌డామ్‌లోనో దిగితే డబ్బు మిగులుతుంది, రైల్లో పావుగంట, ఇరవై నిమిషాల్లో సెంట్రల్ స్టేషన్‌కి వచ్చేస్తారు, రైళ్ళు అర్ధరాత్రి దాకా ఉంటాయి.

ట్రామ్, బస్, మెట్రో, రైలు దేనికైనా విడిగా టికెట్ కొనక్కర్లేదు, వీసా లేదా మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డు ఎక్కేటప్పుడు ఒకసారి దిగేటప్పుడు ఒకసారి మెషీన్‌కి ఆనిస్తే చాలు. మనిషికో కార్డు కావాలి, ఒకే కార్డు నలుగురికి కొట్టడం కుదరదు, ఇది మనవాళ్ళు ఎప్పుడూ పొరపాటు పడే చోటు. దిగేటప్పుడు ఆనించడం మర్చిపోతే అసలు చార్జీ కన్నా ఎక్కువ కోసేస్తారు. కార్డు ఆనించి ఎక్కి ఫోన్ ఆనించి దిగితే అది కూడా లెక్కలోకి రాదు, దేనితో ఎక్కారో దానితోనే దిగండి. చాలా కొట్లలో క్యాష్ తీసుకోరు, ‘పిన్ ఓన్లీ’ అని, అంటే కార్డు మాత్రమే అని బోర్డు ఉంటుంది, ఐనా జేబులో పది ఇరవై యూరోల చిల్లర పెట్టుకోండి, టాయిలెట్లకి డబ్బులు కట్టాలి, చిన్న మార్కెట్లలో కొన్ని కొట్లకి చిల్లరే కావాలి.

బట్టల సంగతి

చలి అంటే అందరికీ మంచు గుర్తొస్తుంది. ఇక్కడ డిసెంబర్‌లో మామూలుగా 3 నుంచి 7 డిగ్రీలు, మంచు కురవడం అరుదు, కురిసేది వాన, దానికి తోడు సముద్రం మీంచి కొట్టే గాలి. థర్మామీటర్‌లో 5 డిగ్రీలు ఉన్నా కాలవ ఒడ్డున గంటసేపు నిలబడితే ఎముకల్లోకి దిగుతుంది. గొడుగు తెచ్చుకోకండి, మొదటి గాలికే పువ్వులా వెనక్కి విచ్చుకుంటుంది, మోకాళ్ళ దాకా వచ్చే, నీళ్ళు దిగని టోపీ కోటు ఒకటి కావాలి. లోపల థర్మల్స్, పైన ఒక ఉన్ని స్వెటర్, ఆపైన ఈ కోటు. అన్నిటికన్నా ముఖ్యం బూట్లు. స్పోర్ట్స్ షూస్ జాలీ బట్టతో ఉంటే అరగంటలో తడిసిపోతాయి, ఒకసారి సాక్స్ తడిసిందంటే ఆ సాయంత్రం మొత్తం పోయినట్టే. పెద్దవాళ్ళకి మంకీ క్యాప్ పెట్టించడానికి మొహమాట పడకండి, ఎవరూ ఏమీ అనుకోరు, చెవులు కప్పుకుంటే సగం చలి తగ్గుతుంది.

సాయంత్రం నడక

ఇది నేను అందరినీ తీసుకెళ్ళే దారి, మొత్తం నాలుగైదు కిలోమీటర్లు ఉంటుంది, మధ్యలో ఆగుతూ తింటూ వెళ్తే మూడు గంటలు. సెంట్రల్ స్టేషన్ బయట 4 గంటలకి మొదలుపెట్టండి. ఎదురుగా ఎడమ చేతి వైపు రెండు గోపురాల మధ్య పెద్ద డోమ్‌తో కనిపించేది సెయింట్ నికొలస్ బసిలికా, ఇందాక చెప్పిన సింటర్‌క్లాస్ ఈయనే, ఈ ఊరికి, ఓడవాళ్ళకి కాపుదేవుడి లాంటివాడు. అక్కణ్ణించి డామ్‌రాక్ మీదుగా డామ్ స్క్వేర్, అక్కడ పెద్ద చెట్టు ఉంటుంది, చూసి కదలండి, ఎక్కువసేపు ఉండాల్సిన చోటు కాదు, జేబుదొంగలు కూడా అక్కడే ఎక్కువ.

రాజభవనం వెనక నుంచి పడమరకి నడిస్తే ఒక్కొక్క కాలవ దాటుతూ పోతారు, సింగెల్, హేరెన్‌గ్రాక్ట్, కైజర్స్‌గ్రాక్ట్, ప్రిన్సెన్‌గ్రాక్ట్. సింగెల్ అంతకు ముందు నుంచే ఉంది, తర్వాతి మూడూ 1613లో మొదలైన విస్తరణలో తవ్వినవి, 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. వీటి మధ్య అడ్డంగా ఉన్న తొమ్మిది చిన్న వీధుల్ని ‘నేఖెన్ స్ట్రాచెస్’ అంటారు, డిసెంబర్‌లో ప్రతి వీధి మీదా దీపాల తోరణాలు కడతారు, అన్నీ సొంత దుకాణాలే, కొవ్వొత్తులు అమ్మేది ఒకటి, చీజ్ అమ్మేది ఒకటి, పాత కళ్ళజోళ్ళది ఒకటి. కొనకపోయినా అద్దాల్లోంచి చూస్తూ నడవడానికే ఒక గంట పడుతుంది.

అక్కడి నుంచి హేరెన్‌గ్రాక్ట్ ఒడ్డు పట్టుకుని దక్షిణంగా వంపు తిరుగుతూ నడవండి. ఇళ్ళు సన్నగా పొడుగ్గా కొంచెం ముందుకి వాలి ఉంటాయి, పైన కప్పు కింద ఒక దూలం, దానికి కొక్కెం, సరుకు తాడుతో పైకి లాగడానికి పెట్టుకున్నది. ఈ ఇళ్ళు కట్టిన డబ్బు ఎక్కడిదో మనవాళ్ళకి చెప్పాలనిపిస్తుంది నాకు. డచ్ ఈస్టిండియా కంపెనీ కోరమాండల్ తీరంలో మొట్టమొదట కాలు పెట్టింది మన బందరులోనే, 1605-06 నాటి మాట, తర్వాత పాలకొల్లు, భీమిలి. బందరు కలంకారీ బట్ట ఓడలెక్కి ఈ ఊరికే వచ్చేది, దాన్ని వీళ్ళు ‘సిట్స్’ అనేవాళ్ళు, గౌన్లు, దుప్పట్లు కుట్టించుకునేవాళ్ళు, ఇప్పటికీ డచ్ మ్యూజియంలలో ఉన్నాయి. ఇంట్లో చెట్టు వెలుగుతూ కనిపించే ఆ పాత కిటికీల వెనక ఒకప్పుడు మన అద్దకపువాళ్ళ చేతి పువ్వులు ఉండేవని తలుచుకుంటే నాకు ఆ నడక వేరేగా ఉంటుంది. అన్నట్టు డచ్‌వాళ్ళు రాత్రి కూడా కర్టెన్లు వేసుకోరు, లోపల బల్ల, కొవ్వొత్తులు, చెట్టు అన్నీ కనిపిస్తాయి, నడుస్తూ చూడొచ్చు కానీ ఆగి ఫోన్ పెట్టి వీడియో తీయడం మాత్రం బాగుండదు.

అలా వెళ్తే రేఖులియర్స్‌గ్రాక్ట్ మూల వస్తుంది, తోర్‌బెకెప్లేన్ పక్కన. అక్కడ వంతెన మీద నిలబడి కాలవ పొడుగునా చూడండి, ఒకదాని వెనక ఒకటి ఏడు వంతెనలు, ప్రతి దాని కమాను చుట్టూ బల్బుల వరస, నీళ్ళలో ఆ కమానుల నీడ కలిసి గుండ్రంగా కనిపిస్తుంది. గాలి లేని రోజైతే ఏడు వలయాలు, గాలి ఉంటే వణికే బంగారు గీతలు. వంతెన మధ్యలో నిలబడకండి, సైకిళ్ళు వస్తుంటాయి, అంచుకి జరగండి. ఎర్రగా కనిపించే రోడ్డు అంతా సైకిల్ దారే, ఫోటో కోసం వెనక్కి అడుగు వేసేటప్పుడు కింద రంగు చూసుకోండి, వాళ్ళు ఆగరు, చీకట్లో ఆగలేరు కూడా.

చివరగా ఆమ్‌స్టెల్ నది మీద మాఖెరె బ్రుఖ్, తెల్ల చెక్క వంతెన, రాత్రి ఒళ్ళంతా బల్బులు. దాని పక్కనే 1887 నాటి కారె థియేటర్, క్రిస్మస్ సీజన్‌లో అందులో ప్రపంచ సర్కస్ నడుస్తుంది, ఈ భవనాన్ని కట్టిందే సర్కస్ కోసం, పిల్లలుంటే టికెట్ ముందే తీసుకోండి.

పడవ మీద లైట్ ఫెస్టివల్

2012లో మొదలైంది ఆమ్‌స్టర్‌డామ్ లైట్ ఫెస్టివల్. నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా ఏటా రకరకాల దేశాల కళాకారులు కాలవల మీద, వంతెనల కింద, నీళ్ళలో కాంతితో శిల్పాలు పెడతారు. నడుస్తూ చూస్తే ఫ్రీ, పడవలో చూస్తే టికెట్, గంటంపావు దాకా పడుతుంది. కొన్ని శిల్పాలు నీళ్ళ మట్టంలోంచి చూస్తేనే అర్థమవుతాయి, కొన్నిటి కింద నుంచే పడవ వెళ్తుంది, కాబట్టి ఒక్కసారైనా పడవ ఎక్కండి, ఇంకో రోజు అదే దారి నడవండి.

నేను మొదటిసారి మా అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినప్పుడు శనివారం సాయంత్రం స్టేషన్ ముందుకి వెళ్ళి అప్పటికప్పుడు టికెట్ కొన్నా. మాకు పడ్డ పడవ అంతా అద్దాల పెట్టె, లోపల ఎనభై మంది ఊపిరికి అద్దాలన్నీ ఆవిరి పట్టేశాయి, నాన్న చొక్కా చేత్తో తుడుస్తూ తుడుస్తూ బయట ఏదో ఎర్రగా ఉందిరా అనుకుంటూ ముగించారు. అప్పటి నుంచి నేను మంగళ బుధ వారాల్లో బుక్ చేస్తా, చిన్న పడవలు, పైకప్పు తెరిచి ఉండేవి, దుప్పట్లు వాళ్ళే ఇస్తారు, వేడి చాక్లెట్ కూడా ఉంటుంది. పెద్ద పడవే ఎక్కాల్సి వస్తే ముందుగా వెళ్ళి వెనక తెరిచి ఉన్న డెక్ దగ్గర కూర్చోండి. చీకటి పూర్తిగా పడ్డాక, అంటే 5:30 తర్వాత ట్రిప్ తీసుకోండి.

మ్యూజియంప్లేన్‌లో రైక్స్ మ్యూజియం ముందు ఐస్ రింక్ పెడతారు, మాఖెరె బ్రుఖ్ నమూనా ఒకటి రింక్ మీద ఉంటుంది, చుట్టూ చిన్న కొట్లు. స్కేట్లు అద్దెకి ఇస్తారు, చేతి గ్లౌజులు లేకుండా ఎక్కకండి. రింక్ ఎక్కే ముందు అదే రోజు మ్యూజియంలోకి వెళ్ళి హెండ్రిక్ అవర్‌క్యాంప్ వేసిన గడ్డకట్టిన కాలవ బొమ్మ చూడండి, 1608 ప్రాంతం నాటిది. ఆయనకి మాట రాదు, వినపడదు అంటారు, ఐతే ఆ బొమ్మలో వందమంది ఉంటారు, పడ్డవాడు, లేపేవాడు, ప్రేమికులు, బిచ్చగాడు, దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కళ్ళనీ చూడాలి. అప్పట్లో చలికాలాలు ఇప్పటికన్నా ఘోరం. ఇప్పుడు ఊళ్ళో కాలవలు మనుషులు నడిచేంత గడ్డకట్టడం ఎప్పుడో ఒకసారి, 2018లో, 2021లో కొన్ని రోజులు జరిగింది. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో పదకొండు ఊళ్ళ మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు స్కేట్ చేసే పందెం ఉంది, దానికి 15 సెంటీమీటర్ల మందం ఐస్ కావాలి, 1997 తర్వాత మళ్ళీ జరగనే లేదు, ఐనా ప్రతి జనవరిలో చలి పెరిగితే మా ఆఫీసులో డచ్‌వాళ్ళందరూ ఈసారి జరుగుతుందేమో అని ఆశగా మాట్లాడుకుంటారు.

ఏం తినాలి

మా అమ్మది నంద్యాల. మొదటిసారి పోఫర్చెస్ కొట్టు ముందు నిలబెట్టినప్పుడు ఆవిడ కొట్టువాడి చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. వరసలు వరసలుగా గుంతలున్న పెద్ద ఇనుప పెనం, దానికి కుంచెతో వెన్న రాసి, పిండి చకచకా గుంతల్లో పోసి, ఒక పక్క కాలగానే ఫోర్క్ కొనతో ఒక్కొక్కటీ టప్ టప్ మని తిప్పేస్తుంటే “రేయ్, ఇది మన గుంతపొంగనాల పెనం గదరా” అంది. అక్షరాలా అదే. పిండి మాత్రం వేరు, గోధుమ, బక్‌వీట్ కలిపి ఈస్ట్ వేసి పులియబెడతారు, పైన వెన్న ముక్క, పంచదార పొడి. వేడి మీద తినాలి, ఆరితే రబ్బరు.

ఓలీబోలెన్ అని ఇంకోటి, చలికాలం అంతా వీధి మూలల్లో బండ్లు పెడతారు. మైదా, పాలు, ఈస్ట్‌తో పులిసిన పిండిలో ఎండుద్రాక్ష కలిపి గుండ్రంగా నూనెలో వేస్తారు, మన మైసూర్ బోండా అంత సైజు, తీపి, పైన పంచదార పొడి. ఒక్కోటి రెండు యూరోలకి కాస్త అటూ ఇటూ. డిసెంబర్ 31న ప్రతి ఇంట్లో ఇవే, మంచి బండి ముందు క్యూ వీధి చివర దాకా ఉంటుంది. పిండిలో గుడ్డు ఉండొచ్చు, తినని వాళ్ళు అడిగి తీసుకోండి.

క్రౌడ్‌నోటెన్ అనే చిన్న గట్టి బిస్కెట్లు సింటర్‌క్లాస్ రోజుల్లో గుప్పిళ్ళతో పంచుతారు. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ వాసన, నోట్లో వేసుకోగానే మసాలా డబ్బా మూత తీసినట్టు ఉంటుంది, అవన్నీ తూర్పు నుంచి ఈ కాలవ గిడ్డంగుల్లోకి దిగిన సరుకులే కదా. పేరులో మొదటి అక్షరం ఆకారంలో చాక్లెట్ కూడా దొరుకుతుంది, పిల్లలకి కొనివ్వండి. 5 దాటగానే మిగిలినవి సగం ధరకి అమ్మేస్తారు.

మాంసం విషయంలో జాగ్రత్త. బిటర్‌బాలెన్ అని ప్లేట్‌లో గుండ్రంగా వేయించి ఇస్తారు, ఆలూ బోండా లాగే ఉంటుంది, లోపల ఉండేది బీఫ్. మా ఫ్రెండ్ వాళ్ళ మామగారు ఒకటి తినేశాక తెలిసి ఆ పూట ఇంకేం ముట్టుకోలేదు, ఆయన్ని చూసి మా అందరికీ మనసు పాడైంది. ఎర్టెన్‌సూప్ బఠాణీ సూపే కానీ అందులో పంది మాంసం వేస్తారు. శాకాహారులకి కాస్‌సూఫ్లే ఉంది, లోపల చీజ్, ఫ్రెంచ్ ఫ్రైస్ ఉన్నాయి. బెల్జియం వెళ్తే మాత్రం ఫ్రైస్ కూడా అడిగి తినండి, అక్కడ చాలా చోట్ల పశువుల కొవ్వులో వేయిస్తారు. గ్లూవైన్ అంటే దాల్చినచెక్క, లవంగం, నారింజ వేసి వేడి చేసిన రెడ్ వైన్, కప్పుకి డిపాజిట్ తీసుకుంటే కప్పు తిరిగిచ్చి డబ్బులు అడగండి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలీదు. అల్బర్ట్ కైప్ మార్కెట్ అని 1905 నుంచి నడుస్తున్న వీధి సంత ఉంది, డె పైప్ మెట్రో దగ్గర, ఆదివారం సెలవు. అక్కడ సురినామ్ వాళ్ళ కొట్లలో ‘బారా’ దొరుకుతుంది, మినప్పిండితో వేయించింది, గారె అన్నమాట, మధ్యలో చిల్లు, పక్కన కారం చట్నీ. మన దేశం నుంచి పందొమ్మిదో శతాబ్దంలో దక్షిణ అమెరికాలోని అప్పటి డచ్ వలస సురినామ్‌కి కూలీలుగా పోయిన ఉత్తరాది మనుషుల మనవలు అక్కణ్ణించి ఈ దేశానికి వచ్చి పెట్టిన కొట్లు అవి. నాలుగు రోజులు బ్రెడ్డు తిని నోరు చచ్చిపోయినప్పుడు ఆ వేడి బారా ఒకటి తింటే ప్రాణం లేచొస్తుంది.

పక్క ఊళ్ళ మార్కెట్లు

అసలైన మార్కెట్ కావాలంటే రైలెక్కండి. హార్లెమ్‌లో డిసెంబర్‌లో ఒక వీకెండ్ పెద్ద చర్చి చుట్టూ పెడతారు, సెంట్రల్ నుంచి పావుగంట, చర్చి లోపలికి కూడా వెళ్ళండి, అక్కడి 1738 నాటి ఆర్గన్‌ని పదేళ్ళ మోజార్ట్ వాయించాడు. లైడెన్‌లో ఐతే కొట్లు కాలవ నీళ్ళ మీద తేలే వేదికలపై ఉంటాయి, కాలవ ఊరిలో క్రిస్మస్ మార్కెట్ అంటే నాకు ఇదే గుర్తొస్తుంది, రైల్లో 35 నిమిషాలు, తేదీలు చూసుకుని వెళ్ళండి. ఖౌడా ఊళ్ళో డిసెంబర్‌లో ఒక శుక్రవారం సాయంత్రం కరెంటు దీపాలు ఆర్పేసి పదిహేనో శతాబ్దపు టౌన్ హాల్ కిటికీలన్నిట్లో కొవ్వొత్తులు వెలిగిస్తారు, మధ్యలో నార్వేలోని కాంగ్స్‌బర్గ్ పంపిన చెట్టు, జనం అంతా కలిసి పాడతారు, మన కార్తీక దీపాలు చూసినవాళ్ళకి కళ్ళు చెమరుస్తాయి. ఫాల్కెన్‌బర్గ్‌లో మార్కెట్ గుహల్లో ఉంటుంది, రైల్లో మూడు గంటలకి దగ్గర, లోపల ఏడాది పొడుగునా 12 డిగ్రీలే కాబట్టి వానరోజు పెట్టుకోండి, టైమ్ స్లాట్ టికెట్ ముందే కొనాలి. కొలోన్ రెండున్నర గంటల పైన, పొద్దున్నే వెళ్ళి రాత్రికి రావొచ్చు, కానీ శనివారం వద్దు, జనంలో అడుగు తీసి అడుగు వేయలేరు.

25, 26, 31

25, 26 రెండూ సెలవులే ఇక్కడ. 24 సాయంత్రం షాపులు త్వరగా మూస్తారు, 25న మ్యూజియంలు కొన్ని తెరిచి ఉంటాయి, రెస్టారెంట్లలో ముందే టేబుల్ చెప్పుకోకపోతే దొరకదు. 24 మధ్యాహ్నానికే ఆల్బర్ట్ హైన్ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి పాలు, పెరుగు, బ్రెడ్డు, పళ్ళు తెచ్చి పెట్టుకోండి. డచ్‌వాళ్ళ పండగ భోజనం పేరు ‘గుర్మెటెన్’, బల్ల మధ్యలో చిన్న కరెంటు పొయ్యి, ఒక్కొక్కరికీ అరచేయంత పెనం, ఎవరిది వాళ్ళే వండుకుంటూ మూడు గంటలు కబుర్లు. మా పక్కింటివాళ్ళు పిలిచినప్పుడు మేము పనీర్ ముక్కలు పట్టుకెళ్ళాం, అందరి పెనాల మీదకీ అవే ఎక్కాయి.

31 రాత్రి ట్రామ్‌లు, రైళ్ళు సాయంత్రమే ఆగిపోతాయి, 8 లోపు మీరు ఉండాలనుకున్న చోటికి చేరిపోండి, తిరిగి నడిచి రూమ్‌కి వెళ్ళగలిగే దూరంలో ఉండండి. పటాకుల చప్పుడు గట్టిగా ఉంటుంది, చిన్నపిల్లలతో రోడ్డు మీద ఉండొద్దు. జనవరి 1న స్కెవెనింఖెన్ బీచ్‌లో వేలమంది నారింజ రంగు టోపీలు పెట్టుకుని గడ్డకట్టే సముద్రంలోకి పరిగెత్తుతారు, చూడటానికి వెళ్ళొచ్చు.

ఇంటికి ఏం పట్టుకెళ్ళాలి అంటే మాగ్నెట్లు వద్దు. చెక్క మీద బొమ్మలు చెక్కిన, స్పెకులాస్ అనే మసాలా బిస్కెట్ల అచ్చు ఒకటి, ఒక పాకెట్ క్రౌడ్‌నోటెన్, మధ్యలో పాకం పెట్టిన తాజా స్ట్రూప్‌వాఫెల్ బిస్కెట్లు ఒక డబ్బా. మా అమ్మ పోఫర్చెస్ పెనం కొనుక్కుంది, ఇంట్లో రెండు పొంగనాల పెనాలు ఉన్నా సరే, వీటి గుంతలు లోతు తక్కువగా ఉన్నాయి, త్వరగా కాలతాయి అని. పోత ఇనుముది, బాగా బరువు, మీరూ కొంటే చెక్-ఇన్ సూట్‌కేస్‌లో బట్టల మధ్య పెట్టండి, తూకం ముందే ఇంట్లో చూసుకోండి.